వరదనీట మునిగిన వరి: జీవకణములలో జన్యువులు పనిచేయు విధము

గోదావరి డెల్టాలోని రైతునకు ఆషాఢ శ్రావణములు ఆశయు భయమును గలిసియుండు మాసములు. సార్వా ఊడ్పులు ముగిసి, నాటిన నారు వేళ్లూని పచ్చబడుచుండగనే ఎగువనుండి ఎఱ్ఱనీరు దిగును. యానాము వంటి చోట్ల చిక్కు మఱియు నెక్కువ. అచట గౌతమి సముద్రమును సమీపించుచున్నది. ఏటినీరు దిగవలసిన వేళ పోటు ఎదురు నిలుచును. మురుగుకాలువలు వెనుకకు దన్నును. చేలలో నిలిచిన నీరు తీయుటకు దినములు పట్టును. 1986 ఆగస్టులో ధవళేశ్వరము ఆనకట్టవద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులకు చేరెను. 2022 జూలైలో 25 లక్షలు దాటెను; ఆ వరదలో యానాము వీథులే జలమయమైనవి. ఇక చేల సంగతి చెప్పవలయునా!

వరి నీటిపైరు గదా, నీట మునిగిన నేమి యని బస్తీవాడు అడుగవచ్చును. మొదలు నీటిలో నుండుట వేఱు, తల మునుగుట వేఱు అని మీ రెఱుగుదురు. తల మునిగి వారము దాటినచో సామాన్యముగ పైరు బ్రదుకదు. నీరు తీసిన పిమ్మట ఆకులు బురదపై పడి కుళ్లిపోవును. అయితే పక్కపక్కనే గల రెండు మళ్లను తలచుకొనుడు. రెంటను స్వర్ణ వరియే. ఒకదానిలో మనము చిరకాలముగ నెఱిగిన స్వర్ణ. రెండవదానిలో స్వర్ణ-సబ్1 అను దాని తోబుట్టువు. రెండును పండ్రెండు దినములు నీట మునిగినవి. నీరు తీసెను. మొదటి మడి దాదాపు చచ్చినది. రెండవ మడిలో దుబ్బులు వాడియున్నను మొదళ్లు గట్టిగానున్నవి. కొన్ని దినములకు క్రొత్త ఆకు వేసినవి. ఈ భేదమునకు కారణము ప్రధానముగ ఒక్క జన్యువు. ఆ జన్యువు ఏమి చేయును, దాని నెవరు మేలుకొల్పుదురు అనునదే నేటి ప్రసంగమునకు విషయము.

జీవముగల ప్రతిదియు కణము లనబడు మిక్కిలి చిన్న గదులతో కట్టబడినది. వరికణములో నడుమ కేంద్రకమను సంచి వంటిది యుండును. అందు పన్నెండు జతల క్రోమోజోములు గలవు. అవి డి.ఎన్.ఏ. అను పదార్థముతో నేర్పడిన పొడవైన దారములు. ఆ దారముపై నాలుగే నాలుగు అక్షరములు వరుస మాఱుచు వ్రాయబడియున్నట్లు భావింపుడు. వరియందు ఆ అక్షరముల మొత్తము సుమారు 39 కోట్లు. ఒక పనికి వలయు వ్రాత యున్న భాగమును జన్యువందురు. భారతదేశముకూడ పాల్గొనిన అంతర్జాతీయ పరిశోధన ఫలితముగ ఈ వ్రాత యంతయు 2005లో ప్రకటింపబడెను. అందు సుమారు నలువది వేల జన్యువు లున్నవని అంచనా.

ఇచట నొక వింత గలదు. ఆకులోని కణమున నున్న వ్రాతయే వేరులోని కణమునను గలదు, గింజలోనిదియు నదియే. మఱి ఆకు పచ్చగనుండి సూర్యరశ్మితో చక్కెర తయారుచేయుచుండగా, వేరు తెల్లగనుండి మంటిలో నీరు వెదకుట యేల? మన శరీరముననైనను ఇంతే. ఇన్సులిను తయారుచేయు జన్యువు కంటిలోను గలదు, కాలిగోటి మొదటనుండు కణములలోను గలదు. కాని క్లోమములోని కొన్ని కణములు మాత్రమే దానిని తెఱచి చదువును. కావున జీవి యెట్లుండునో నిర్ణయించునది వ్రాత యొక్కటియే కాదు. ఏ కణము, ఏ వేళ, ఏ పుటను, ఎంత మేరకు చదువుననునది కూడ నిర్ణయించును. జన్యువు ఇట్లు చదువబడి పనికి వచ్చుటను శాస్త్రజ్ఞులు జన్యువ్యక్తీకరణ మందురు. ఆ చదువును హెచ్చించుట, తగ్గించుట, ఆపుట అనువానిని నియంత్రణ మందురు.

చదువుట యనగా నేమో చూతము. పూర్వము గ్రామమున కరణముగారి దస్త్రము లుండెడివి. 1984లో ఆంధ్రప్రదేశమున ఆ ఉద్యోగములు రద్దయినను పెద్దలకు ఆ పద్ధతి జ్ఞాపకముండును. భూమి సంగతి కావలసినవాడు అసలు దస్త్రమును చంక బెట్టుకొని పోడు. తనకు వలయు భాగమునకు నకలు వ్రాయించుకొని పోవును. అసలు పెట్టెలోనే భద్రముగ నుండును. కణములోను ఇట్లే. డి.ఎన్.ఏ. కేంద్రకమును విడిచి పోదు. అవసరమైన జన్యువునకు మాత్రము ఆర్.ఎన్.ఏ. అను పదార్థముతో నకలు తయారగును. ఆ నకలు కేంద్రకమునుండి వెలికి వచ్చి రైబోజోము అను పనిముట్టు చెంతకు చేరును. రైబోజోము ఆ నకలును మూడేసి అక్షరముల చొప్పున చదువుచు, తగిన ముక్కలను ఒకదాని వెంట నొకటి కూర్చి, ఒక మాంసకృత్తును నిర్మించును. మాంసకృత్తులనగా కందిపప్పులోను చేపలోను ఉండు ఆహారపదార్థము మాత్రమే యని తలపరాదు. కణములో వేలకొలది రకముల మాంసకృత్తులు గలవు. కొన్ని పిండిని చక్కెరగా విడగొట్టును. కొన్ని గోడలు కట్టును. కొన్ని ఇతర జన్యువులను తెఱచుటకు మూయుటకు పూనుకొనును. నకలు చిరకాల ముండదు. పని ముగిసిన పిదప చిరిగిపోవును. పని సాగవలె నన్నచో మరల నకలు తీయవలసినదే.

ఈ పని నడుమ ఆగినచో నేమగునో తెలియుటకు దూరము పోనక్కఱలేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించియుండగా ఆరియోమైసిను అను ఔషధము 1948లో వెల్లడియయ్యెను. టెట్రాసైక్లిను జాతి మందులలో నది మొదటిది. ఆ మందు రోగక్రిమిలోని రైబోజోమును పట్టుకొని నకలు చదువుటను ఆపివేయును. క్రిమి వ్రాత చెడలేదు, నకలును చెడలేదు. చదువు ఆగినది, అంతమాత్రముననే క్రిమి వృద్ధి నిలిచిపోవును.

ఇక, ఏ జన్యువునకు ఎప్పుడు నకలు తీయవలెనో చెప్పువా రెవరు? ఈ ప్రశ్నకు మొదటి స్పష్టమైన సమాధానము యానామును 1954 వఱకు పాలించిన ఫ్రెంచివారి దేశమునుండియే వచ్చెను. పారిసు నగరమున పాశ్చరు సంస్థలో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో అను నిరువురు మన ప్రేగులలో నివసించు ఒక సూక్ష్మజీవిని పరిశీలించిరి. దానికి పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి గలదు. కాని పాలచక్కెర లేని చోట ఆ జీర్ణకారిణిని అది తయారుచేయదు. పాలచక్కెర నిచ్చిన కొద్ది నిమిషములలో తయారుచేయ నారంభించును. కారణ మేమన, ఆ జన్యువు మొదటనే ఒక కాపరి వంటి మాంసకృత్తు డి.ఎన్.ఏ.ను పట్టుకొని కూర్చుండి నకలు తీయనీయదు. పాలచక్కెర ప్రవేశింపగనే ఆ చక్కెరనుండి పుట్టిన పదార్థము కాపరికి తగులుకొని, వాని పట్టు సడలించును. దారి తెఱపి యగును, నకళ్లు బయలుదేరును. చక్కెర తీఱిపోయిన కాపరి మరల వచ్చి కూర్చుండును. కాలువ తూమునకు పలక వేయుట తీయుట వంటిదే యీ యేర్పాటు. 1961లో ప్రకటింపబడిన ఈ సిద్ధాంతమునకు వారును, ఆంద్రే ల్వోఫ్ అను వారి సహచరుడును 1965లో నోబెల్ బహుమానమును పొందిరి. అవసరము లేని పనికి సరకును వ్యయము చేయకుండుట జీవుల కందఱకు సామాన్యమైన గృహనీతి యని అప్పటినుండి తేటపడినది. మొక్కలలోను జంతువులలోను ఈ తూములు అనేకములు. ఒక్కొక్క జన్యువునకు పలువురు కాపరులు, పలువురు ప్రోత్సాహకులు నుందురు.

ఈ తూము తెఱచుకొనుటను మీరు ప్రతియేట మీ యింటనే చూచుచున్నారు. విత్తనపు వడ్లను ఒక దినము నానబెట్టి, గోనె కప్పి మండె కట్టుదురు. నీరు తగులగనే గింజలోని అంకురము జిబ్బరెల్లిను అను హార్మోనును పంపును. హార్మోనన కణమునుండి కణమునకు పోవు కబురు. ఆ కబురు గింజ పైపొరలోని కణములకు చేరగా, అందు పిండిని విడగొట్టు ఎంజైముయొక్క జన్యువు తెఱచుకొనును. నకళ్లు తయారగును, ఎంజైము ఊరును, గట్టి పిండి చక్కెరయై మొలకకు ఆహారమగును. మొలకెత్తిన గింజ నమలిన తియ్యగనుండుట ఇందువలననే. దీనికి ప్రతికూలమైన కబురు మఱియొకటి గలదు. అది అబ్సిసిక్ ఆమ్లము. గింజ పక్వమగునపుడు అది మొలకను అణచియుంచును. దానినే నిద్రావస్థ యందుము. ఈ నిద్ర తక్కువగానున్న వంగడము కోతవేళ తుపానుకు దొరకిన, పనలమీదనే మొలకలు వచ్చును. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణముగ తీరము దాటిన తుపానును చూచినవారికి కోతవేళ వానగాలి యేమిచేయునో చెప్పనక్కఱలేదు. పనలపై లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు చొప్పున కలిపి చల్లుమని వ్యవసాయశాఖవారు చెప్పునది గింజ నీటిని పీల్చి ఆ మొదటి కబురు పంపకుండుటకే.

ఇప్పుడు మునిగిన పైరువద్దకు పోవుదము. మొక్కలు ఇథిలీను అను వాయువును కొంచెముగ సదా పుట్టించుచుండును. గాలిలో నున్నపుడు అది ఎగిరిపోవును. కాని వాయువులు నీటిలో వ్యాపించు వేగము గాలిలోని వేగమున పదివేలవ వంతు మాత్రమే. అందుచేత తల మునిగిన మొక్కలో ఇథిలీను చిక్కుకొని పేరుకొనును. “నీవు మునిగితివి” అని కణములకు తెలియజెప్పు కబురు అదియే. ఈ కబురునకు సామాన్యమైన వరి యిచ్చు జవాబు త్వరగ పొడవు పెరిగి నీటిపైకి తల యెత్తుట. జిబ్బరెల్లిను పని హెచ్చును. కాండము, ఆకులు సాగును. నీరు లోతు తక్కువయై, నెమ్మదిగ పెరుగునదైన ఇది తెలివైన ఉపాయమే. కాని గోదావరి వరద ఒక్క రాత్రిలో నిలువెత్తు రావచ్చును. ఆ యెఱ్ఱనీటిలో వెలుతురు చొరదు. ఆకు చక్కెర చేయజాలదు. ఉన్న నిలువలన్నిటిని పెరుగుదలకే వ్యయముచేసి, నీటిపైకి రాకమునుపే మొక్క అలసిపోవును. నీరు తీసినప్పుడు సాగిన సన్నని కాండము నిలువలేక ఒఱగిపోవును. ఆదాయము లేని సంవత్సరమున అప్పుచేసి మేడకట్టినవాని గతి వంటిది.

ముంపునకోర్చు వరి యట్లు చేయదు. ఒరిస్సా రైతులు తరతరములుగ సాగుచేసిన దేశవాళి వరినుండి వేఱుచేసిన ఎఫ్.ఆర్. 13ఏ అను వంగడము రెండువారముల ముంపును సహింపగలదని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ గుణము తొమ్మిదవ క్రోమోజోముపై ఒక్కచోటనే ప్రధానముగ నున్నదని కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ అనువారు 1996లో తెలిపిరి. 2006లో వారును, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ మున్నగువారును కలిసి, ఆ చోటనున్న జన్యువులలో పనిచేయునది సబ్1ఏ అని నిరూపించిరి. ముంపునకోర్వని వరిలో ఆ జన్యువు ఎక్కువగ వ్యక్తమగునట్లు చేయగా, ఆ వరియు ముంపునకోర్చెను.

సబ్1ఏ స్వయముగ పిండినిగాని చక్కెరనుగాని చేయునది కాదు. అది పెత్తనము చేయు జన్యువు. ఇథిలీను కబురు రాగానే దానికి నకళ్లు లేచును. దానినుండి తయారైన మాంసకృత్తు మరల కేంద్రకములోనికి పోయి ఇతర జన్యువుల తూములను సవరించును. జిబ్బరెల్లినునకు కళ్లెములవంటి మాంసకృత్తులు ఆ మొక్కలో హెచ్చును, సాగుట ఆగును. పిండిని చక్కెరను కరగించు పని మందగించును. ఆకుల పత్రహరితము త్వరగ నశింపదు. మొక్క ఊపిరి బిగబట్టి, ఉన్నదానిని పొదుపుగ వాడుకొనుచు, నీరు తీయువఱకు వేచియుండును. నీరు తీయగనే కబురు మాఱును. దాచిన చక్కెరతో క్రొత్త ఆకు పుట్టును.

ముఖ్యమైన సంగతి యిదియే. కబురు ఒక్కటే, జవాబు వేఱు. లోతునీటి వరులలో స్నార్కెల్ అను రెండు జన్యువులు గలవని జపాను శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి. అవియు సబ్1ఏ వంశమునకు చెందినవే. అవియు ఇథిలీనుకే మేలుకొనును. కాని అవి ఇచ్చు ఆజ్ఞ “ఆగుము” అని కాదు, “పెరుగుము” అని. నెలలకొలది నీరు నిలుచు చోట్ల నదియే బ్రదుకుదారి. మఱియొకటి వినుడు. జపానికా వరులలో సబ్1ఏ అసలే లేదు. ముంపునకోర్వని ఇండికా వరులలో అనేకములకు ఆ జన్యువు మఱియొక రూపమున గలదు. వ్రాతలో స్వల్పభేదము, వ్యక్తమగుట తక్కువ. అనగా ఆస్తి యుండియు అవసరమునకు చేతికి రాని గృహస్థు వంటివి. జన్యువు ఉండుట ఒక్కటే చాలదు. సమయమునకు, తగినంతగ తెఱచుకొనవలెను.

ఇది మన స్వర్ణలోనికి వచ్చిన కథ చెప్పి ముగింతును. పశ్చిమగోదావరి మండలమున మార్టేరు వరి పరిశోధనస్థానము 1925లో ఏర్పడినది. అచట వసిష్ఠ, మసూరి వరులను సంకరము చేసి పొందిన ఎం.టి.యు. 7029, 1982లో స్వర్ణయను పేర విడుదలయ్యెను. ఆంధ్రదేశముననేగాక ఒరిస్సా, బెంగాలు, బీహారులలో విస్తారముగ వ్యాపించెను. దిగుబడి మంచిది, అన్నము మంచిది. ముంపునకు మాత్రము ఓర్వదు. పూర్వము ముంపుగుణమును తెచ్చిన సంకరములలో దానివెంట అక్కఱలేని గుణములును వచ్చెడివి. ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధనసంస్థలో స్వర్ణను సబ్1ఏ గల వరితో సంకరము చేసి, పుట్టినదానిని మరల మరల స్వర్ణతోనే కలిపి, ప్రతితరమునందు నారుదశలోనే డి.ఎన్.ఏ. గుర్తులు పరీక్షించి ఏఱిరి. ఆ విధానమును 2007లో ప్రకటించిన పత్రమున మొదటి పేరు సి. ఎన్. నీరజగారిది. స్వర్ణ-సబ్1 మనదేశమున 2009లో విడుదలయ్యెను. ఇందు పరజాతి జన్యువేదియు చొప్పింపబడలేదు; వరినుండి వరికి సంకరముచేతనే వచ్చినది. స్వర్ణ వడ్ల పొట్టు బంగారు ఛాయ. సబ్1 వడ్ల పొట్టు గడ్డిరంగు. సబ్1ఏకు పొరుగున నున్న వ్రాత దానివెంట రాగా కలిగిన మార్పది. పంటలో, రుచిలో తక్కినవన్నియు ఇంచుమించు స్వర్ణవే.

అయినను దీనిని సర్వరోగనివారిణి యని నమ్మరాదు. రెండువారములను మించిన ముంపునకు, మిక్కిలి బురదనీటికి ఇదియు ఓడవచ్చును. నాటిన పిదప పిలకవేయు దశలో వచ్చు ముంపునకే ఇది ఉపయోగము. వెన్ను వేసి పూతకు వచ్చిన పైరునకుగాని, వెదజల్లిన విత్తు మునిగినందుకుగాని ఇది రక్ష కాదు. నెలలకొలది సగము లోతున నీరు నిలుచు పల్లపుమళ్లకును తగదు. యానాము చేరువను ఉప్పునీరు పొంగు చేలకు కావలసిన గుణము వేఱొకటి. అది కేరళలోని పొక్కాలి వంటి వరులలో గలదు, దాని జన్యువులు వేఱు. కావున మీ చేను ఎన్నిదినములు మునుగును, ఏ నెలలో మునుగును, ఆ నీరు తీపియా ఉప్పా యను మూడు సంగతులను వ్రాసియుంచుకొని, వ్యవసాయాధికారి నడిగి వంగడము నెంచుకొనుడు.

మఱియొక మనవి. ఎఫ్.ఆర్. 13ఏను ఇచ్చిన దేశవాళి వరి ఒకనాడు తక్కువ పండునని తోసివేయబడినదే. దానిలోని ఒక్క జన్యువు నేడు వేలకొలది గ్రామముల పైరును నిలుపుచున్నది. మీ గ్రామమున ఎవరియింటనైనను పల్లపుచేలకని, ఉప్పుచేలకని ప్రత్యేకముగ దాచిన పాతవిత్తన మున్నయెడల, దాని గుణమును పిన్నలకు చెప్పి, ఒక కుంచెడైనను ప్రతియేట నాటించి విత్తనము నిలుపుడు. దానిలో ఏ పుట యేనాటి కక్కఱకు వచ్చునో ముందుగ చెప్పజాలము.